జర మెల్లగ ఉరుకక్కా!

ఇరవై ఏడేళ్లు వచ్చేదాకా నేను బస్సు కోసం కూడా పరుగెత్తలేదు. అతిశయోక్తి కాదు. హన్మకొండ చౌరస్తాలో బస్సు కళ్లముందే కదిలిపోతున్నా 'పోతే పోనీ, ఇంకోటి రాదా' అని నిలబడిపోయే రకాన్ని. ఎవరైనా పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరుగెత్తామని స్టేటస్‌లో స్క్రీన్‌షాట్ పెడితే వాళ్లని మ్యూట్ చేసేదాన్ని. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెత నాకోసమే పుట్టిందని నా గట్టి నమ్మకం.

అలాంటిదాన్ని ఇప్పుడు వారానికి నాలుగు రోజులు తెల్లారకముందే లేచి వడ్డేపల్లి చెరువు కట్ట మీద పరుగెడుతున్నాను. వాన పడి ఆగిపోతే ఆ రోజంతా చిరాకు. మా అమ్మ దీనికి 'పిచ్చి' అని పేరు పెట్టింది.

దీని వెనక ఏదో స్ఫూర్తి కథ ఉంటుందనుకోకండి. డాక్టర్ భయపెట్టలేదు. బ్రేకప్ అవ్వలేదు. మా అమ్మ నన్ను ఒక పిల్లకి కాపలాగా గ్రౌండ్‌కి పంపింది. అంతే.

ఆ పిల్ల సంగతి చెప్పేముందు మా స్కూల్ సంగతి చెప్పాలి. ఎందుకంటే పరుగంటే నాకు పడకపోవడం పుట్టుకతో రాలేదు. నేర్పించారు.

మీకూ ఇలాంటి పీఈటీ సార్ ఉండే ఉంటారు. హోంవర్క్ చేయకపోతే గ్రౌండ్ చుట్టూ మూడు రౌండ్లు. ప్రేయర్‌కి లేటైతే మూడు రౌండ్లు. బూట్లకి పాలిష్ లేకపోతే రెండు. చివర వచ్చినవాళ్లకి బోనస్‌గా ఇంకోటి. ఆ బోనస్ ఎప్పుడూ నాదే. కాస్త బొద్దుగా ఉండేదాన్ని, మూడో రౌండ్‌కి డొక్కలో పొడిచినట్టు నొప్పొచ్చేది. సార్ వెనక నుంచి బెత్తం ఊపుతూ "ఏయ్ పీటీ ఉషా, కదులు" అనేవాడు. క్లాసంతా నవ్వేది. పాపం పీటీ ఉష, మన దేశంలో ఎంతమంది లావుపాటి ఆడపిల్లల్ని ఏడిపించడానికి ఆవిడ పేరు వాడారో ఆవిడకి తెలిసుండదు.

ఎనిమిదో తరగతిలో ఒక రోజు జరిగింది మాత్రం నేను చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నాకు పీరియడ్ రెండో రోజు. సైన్స్ రికార్డు మర్చిపోయాను. మూడు రౌండ్లు అన్నారు. "ఇవాళ వద్దు సార్" అన్నాను. ఎందుకు వద్దో అడిగారు. అరవైమంది ముందు ఆ మాట ఎలా చెప్తాను? మాట్లాడకుండా నిలబడితే పొగరు అన్నారు. పరుగెత్తాను. రెండో రౌండ్‌లో నా వెనక నవ్వులు ఆగిపోయాయి. అలా ఆగిపోవడం నవ్వడం కన్నా ఘోరం. ఎవరో అమ్మాయి వచ్చి తన స్వెటర్ నా నడుముకి కట్టింది. సార్ అటు తిరిగి విజిల్ తుడుచుకుంటున్నారు.

ఇంట్లో అమ్మకి కూడా ఎవరో చెప్పారు. అమ్మ సార్‌ని ఏమీ అనలేదు. నాతో అంది, "పెద్దమనిషివైనవ్. ఉరుకుడు, ఎగురుడు ఇంక బంద్ పెట్టు" అని. నాకు అదే కావాలి. అప్పటినుంచి పీఈటీ పీరియడ్‌లో 'కడుపునొప్పి' అంటే చాలు, వదిలేసేవారు. పదో తరగతి అయ్యేదాకా నెలకి నాలుగు వారాలూ కడుపునొప్పే.

ఇక ఆ పిల్ల. మా పిన్ని కూతురు. వాళ్ల ఊరు పర్వతగిరి దగ్గర. పత్తి, మిర్చి వేసే ఇల్లు. 2022లో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే అప్లై చేసింది, ప్రిలిమ్స్ గట్టెక్కింది. తర్వాతది ఈవెంట్స్. ఆడపిల్లలకి 800 మీటర్ల పరుగు, 5 నిమిషాల 20 సెకన్లలో. దాంతోపాటు లాంగ్ జంప్, షాట్‌పుట్. ఊళ్లో ప్రాక్టీసుకి జాగా లేక కాదు. అక్కడ పరుగెడితే చూసేవాళ్లు ఎక్కువ. బాబాయి ఒకటే మాట చెప్పాడట: "ఈ ఒక్కసారే. వస్తే నౌకరి, లేకపోతే పెండ్లి." దీపావళి వెళ్లిన రెండో రోజు బట్టల బ్యాగుతో మా ఇంట్లో దిగింది. చేతిలో ఆరు వారాలు.

నేనప్పుడు ఇంటి నుంచే పని. ఒక ఇన్సూరెన్స్ క్లెయిముల కంపెనీలో షిఫ్టు, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు. పడుకునేసరికి ఒంటి గంట. అలాంటి నన్ను మొదటి రోజే అమ్మ పావుతక్కువ ఐదుకి లేపింది.

"లే. చెల్లె గ్రౌండుకి పోవాల్నట. చీకట్ల ఒక్కదాన్నే ఎట్ల తోలుత? నువ్వు బండి మీద తీస్కపో."

"నేనెందుకే, అన్నని లేపు."

"వాడు మొగపిలగాడు. వాడెందుకు, అందరు ఏమనుకుంటరు."

ఈ లాజిక్ నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. వెళ్లాను.

సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ ఆ టైమ్‌లో ఎప్పుడైనా చూశారా? నేను హన్మకొండలోనే పుట్టి పెరిగాను, అప్పటిదాకా చూడలేదు. ఊరంతా ముసుగుతన్ని పడుకుని ఉంటే అక్కడ జాతర. మంకీ క్యాపులు పెట్టుకుని వాకింగ్ చేసే పెద్దవాళ్లు ఒక వైపు. ఇంకో వైపు పోలీస్ ఉద్యోగాలకి ప్రాక్టీస్ చేసే పిల్లలు గుంపులు గుంపులుగా. మగపిల్లలకి 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లలో. ముగ్గుపిండితో గీతలు గీసుకుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని, ఒకడు పరుగెడుతుంటే ఇంకొకడు అరుస్తూ. కొందరు చెప్పులు లేకుండానే. ఒక రిటైర్డ్ ఆర్మీ పెద్దాయన డబ్బులు తీసుకోకుండా వాళ్లకి నేర్పిస్తున్నారు. చెల్లె వెళ్లి ఆయనకి దండం పెట్టి చేరిపోయింది.

మొదటి రోజు దానికి 800 మీటర్లకి 6 నిమిషాల 10 సెకన్లు పట్టింది. మొదటి రౌండ్ బాణంలా వెళ్లింది, రెండో రౌండ్ సగం నడిచింది. వచ్చి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వాంతి చేసుకుంది. పెద్దాయన దగ్గరికొచ్చి నింపాదిగా, "బిడ్డా, రేపటినుంచి వారం దాకా టైమ్ చూడకు. పక్కదానితోటి ముచ్చట పెట్టుకుంట ఉరుకు. ముచ్చట ఆగిపోయిందంటే స్పీడ్ ఎక్కువైనట్టు" అన్నారు.

నేను మెట్ల మీద కూర్చుని చలికి వణుకుతూ రీల్స్ చూసుకుంటూ ఇదంతా విన్నాను. విన్నాను కానీ పట్టించుకోలేదు. నాకెందుకు?

తొమ్మిదో రోజో పదో రోజో, నవంబర్ చలి బాగా ముదిరింది. రాతి మెట్లు మంచుగడ్డల్లా ఉన్నాయి. కూర్చోలేక లేచాను. ఒళ్లు వేడెక్కుతుందని, ఎవరూ చూడట్లేదని, ఒక రౌండ్ వేద్దామనుకున్నాను. నాకు తెలిసిన పరుగు ఒకటే. గుప్పిళ్లు బిగించి, పళ్లు కరుచుకుని, ఉన్న శక్తంతా పెట్టి. వంద మీటర్లు దాటేసరికి గొంతులో రక్తం రుచి. నూటయాభైకి డొక్క పట్టేసింది. అదే నొప్పి, పద్నాలుగేళ్ల తర్వాత, అదే చోట. ఆగి వంగిపోయాను. ఇందుకే కదా నాకిది పడదు అనుకున్నాను.

చెల్లె వెనక నుంచి వచ్చి, ఆగకుండా నా పక్కనే ఉన్నచోటే అడుగులు వేస్తూ నవ్వింది.

"ఏందక్కా, నిన్నెవలన్న తరుముతున్నరా? జర మెల్లగ ఉరుకు."

నేను వెనక్కి తిరిగి చూశాను. నిజంగా చూశాను. ఎవరూ లేరు. మంకీ క్యాప్ తాతయ్య ఒకాయన చేతులు ఊపుకుంటూ నడుస్తున్నాడు.

అప్పటిదాకా 'మెల్లగా పరుగెత్తడం' అనే మాటే నాకు అర్థం లేనిది. మెల్లగా అయితే నడక, పరుగంటే వేగం. స్కూల్లో నాకు నేర్పింది తప్పించుకోవడం, బెత్తం నుంచి, నవ్వుల నుంచి. ఒంటికి ఆ ఒక్క వేగమే గుర్తుంది. చెల్లె నా మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ఎంత మెల్లగా అంటే, ఆ తాతయ్య మమ్మల్ని దాటేశాడు. నాకు సిగ్గేసింది. దానికేమీ అనిపించలేదు. "నీ పెండ్లి సంబంధం ఏమైంది, ఆ సాఫ్ట్‌వేర్ పిలగాడు?" అని అడిగింది. చెప్పాను. జాతకాలు కలవలేదన్నారని, అసలు సంగతి నా ఫొటో చూసి లావుగా ఉందన్నారని, అమ్మ నాకు చెప్పకుండా దాచిందని చెప్పాను. అది నవ్వింది, నేనూ నవ్వాను. అలా ముచ్చట పెట్టుకుంటూ ఒక రౌండ్ అయిపోయింది. 400 మీటర్లు. డొక్క నొప్పి రాలేదు.

తర్వాత ఫోన్‌లో వెతికితే తెలిసింది, పెద్దాయన చెప్పిన ముచ్చట టెస్టు డాక్టర్లు కూడా వాడేదేనని. మాట్లాడగలిగేంత వేగంలో ఉంటే పీల్చే గాలి కండరాలకి సరిపోతుంది. దాటితే సరిపోదు, రొప్పు మొదలవుతుంది. నాలాంటి బద్ధకస్తుల కోసం 1996లోనే జాష్ క్లార్క్ అనే అమెరికన్ ఒక పద్ధతి తయారు చేశాడు, సోఫా మీద నుంచి లేచి తొమ్మిది వారాల్లో ఐదు కిలోమీటర్లు పరుగెత్తేలా. మొదటి వారం ఏం చేయాలో తెలుసా? అరవై సెకన్లు మెల్లగా పరుగు, తొంభై సెకన్లు నడక, అలా ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులే. పరుగు కన్నా నడక ఎక్కువ. దీన్ని కూడా పరుగనే అంటారని పద్నాలుగేళ్లుగా నాకెవరూ చెప్పలేదు.

నేను ఆ యాప్ దింపుకున్నాను. చెల్లెకి చెప్పలేదు, ఎగతాళి చేస్తుందని. అది తన గుంపుతో పరుగెడుతుంటే నేను గ్రౌండ్ అవతలి మూల చింతచెట్టు దగ్గర అరవై, తొంభై లెక్కపెట్టుకునేదాన్ని.

ఇక్కడ ఒక మాట, అమ్మాయిల కోసం. అబ్బాయిలు కావాలంటే ఈ పేరా దాటెయ్యండి, చదివినా నష్టం లేదు. మొదటి రెండు వారాలు నేను పరుగెత్తలేకపోయింది ఊపిరి వల్ల కాదు. ఛాతీ నొప్పి వల్ల. మామూలు బ్రా, పైన చున్నీ రెండు చుట్లు. రెండు చేతులూ ముందుకి ముడుచుకుని పరుగెత్తేదాన్ని, కొంత నొప్పికి, కొంత చూపులకి. స్కూల్లో కూడా అలాగే పరుగెత్తేదాన్నని అప్పుడు గుర్తొచ్చింది. చెల్లె చూసి, "అక్కా, స్పోర్ట్స్ బ్రా కొనుక్కో, నేను కోచింగ్ ఫీజుల కెల్లి పైసలు మిగిల్చి కొన్న" అంది. కొనుక్కున్నాను. ఐదువందల చిల్లర. ఇంత చిన్న సంగతి మా స్కూల్లో ఒక్క టీచరమ్మ మాకు చెప్పి ఉంటే ఎంతమంది ఆడపిల్లలు కడుపునొప్పి అబద్ధాలు మానేసేవారో.

చూపులు మాత్రం ఐదువందలతో పోవు. బైకు మీద వచ్చి గేటు దగ్గర ఆగి ఫోన్ పైకెత్తే కుర్రాళ్లు ఉండేవారు. ఒకసారి ఒకడు వీడియో తీస్తుంటే నేను తల వంచుకుని నడక మొదలుపెట్టాను. చెల్లె మాత్రం నేరుగా వాడి దగ్గరికి పరుగెత్తుకుంటూ వెళ్లింది, ఏమాత్రం వేగం పెంచకుండా. "అన్నా, మంచిగ వచ్చిందా? ఏదీ చూపెట్టు. డిసెంబర్‌ల డ్యూటీల జాయినైతే మళ్ల కలుద్దాం" అంది. బండి స్టార్ట్ చేయడానికి వాడికి మూడు కిక్కులు పట్టింది.

ఆ రోజుల్లోనే ఎక్కడో చదివాను. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో తొలిసారి ఆడవాళ్లకి 800 మీటర్ల పరుగు పెట్టారట. రేసు అయ్యాక వాళ్లు అలసి పడిపోయారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆడవాళ్ల ఒంటికి ఇంత దూరం తగదన్నారు. తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో, రోమ్‌లో. ముప్ఫై రెండేళ్లు! మగవాళ్లు రేసు చివర పడిపోతే ప్రాణం పెట్టి పరుగెత్తాడంటారు, అది వేరే సంగతి. చెల్లెకి చెప్తే షూ లేసులు కట్టుకుంటూ తల కూడా ఎత్తకుండా అంది:

"అప్పుడేమో ఉరుకొద్దన్నరు. ఇప్పుడేమో అదే 800 ఉరకకపోతే నౌకరి లేదంటున్నరు. మనల్ని అడిగేది లేదా అక్కా?"

మూడో వారంలో నేను అత్యాశకి పోయి యాప్ చెప్పినదానికి రెట్టింపు చేశాను. మోకాలి కింద, ముందు ఎముక పొడవునా సలుపు. మెట్లు దిగాలంటే ఏడుపొచ్చేది. ఊపిరితిత్తులు తొందరగా అలవాటు పడతాయి కానీ ఎముకలు, వాటిని పట్టుకుని ఉండే లిగమెంట్లు నిదానంగా గట్టిపడతాయట. పది రోజులు ఆపేశాను. 2,800 పెట్టి షూ కొన్నాను. ధర విని అమ్మ, "చెప్పులకి మూడు వేలా? దీనికి చీరొస్తది" అంది. విచిత్రం ఏంటంటే, ఆ పది రోజులూ మెట్ల మీద కూర్చుని రీల్స్ చూడబుద్ధి కాలేదు. వాళ్లందరూ పరుగెడుతుంటే కాళ్లు లాగేవి.

చెల్లె టైమ్ మాత్రం తగ్గుతూ వచ్చింది. 5:48. 5:31. ఒక రోజు 5:19 వచ్చినప్పుడు గుంపంతా అరిచింది. ఈవెంట్స్ రోజు నేనే బండి మీద తీసుకెళ్లాను. లోపలికి మమ్మల్ని రానివ్వరు. గేటు బయట చెట్ల కింద తల్లులు, తండ్రులు, అన్నలు. సంకలో పసిపిల్లలతో కొందరు మగవాళ్లు, భార్యలు లోపల పరుగెడుతున్నారు. ఆ దృశ్యం నాకు భలే నచ్చింది. రెండు గంటలకి బయటికొచ్చింది. మొహం చూస్తే ఏం తెలియలేదు. దగ్గరికొచ్చాక చెవిలో చెప్పింది, "4:56."

అక్కడే ఎగిరాం ఇద్దరం. ఇరవై ఏడేళ్లదాన్ని, నడిరోడ్డు మీద.

ఫైనల్ రాత పరీక్షలో నాలుగు మార్కులతో పోయింది.

ఈ వాక్యం ఇంత చిన్నగా రాశానని అనుకోకండి. అది చెప్పింది కూడా ఇంతే. ఫోన్‌లో, "అక్కా, నాలుగు మార్కులతోటి పోయింది" అని, తర్వాత "అన్నం తిన్నవా?" అని అడిగింది. 2024 మార్చిలో పెళ్లి. జనగామ వైపు. అబ్బాయి మంచివాడే.

నా సంగతికొస్తే, ఈవెంట్స్ అయిపోగానే చెల్లె ఊరెళ్లిపోయిన మర్నాడు నాకు పావుతక్కువ ఐదుకి మెలకువ వచ్చింది. అలారం లేకుండానే. షూ వేసుకుంటుంటే అమ్మ మంచం మీద నుంచే అడిగింది, "చెల్లె లేదుగదా, ఎక్కడికి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. "ఇప్పుడే వస్త" అన్నాను.

ఆ రోజు గ్రౌండ్‌కి కాదు, వడ్డేపల్లి చెరువు కట్ట మీదకి వెళ్లాను. కాపలా కాయాల్సిన మనిషి లేదు, నన్ను కాసేవాళ్లూ లేరు. పొగమంచు. దూరంగా గుడి మైకు, ఎక్కడో నమాజు పిలుపు. టిఫిన్ బండి దగ్గర మొదటి వాయి ఇడ్లీ ఆవిరి. అప్పటిదాకా నేను ఆగకుండా పరుగెత్తింది ఎనిమిది నిమిషాలే. ఆ రోజు ఎంత మెల్లగా మొదలుపెట్టానంటే, ఒక కుక్క నా వెంట పడదామా వద్దా అని ఆలోచించి మళ్లీ పడుకుంది. ఏదో గొప్ప ఆలోచనలు వచ్చాయని చెప్తే అబద్ధం. గ్యాస్ బుక్ చేయాలనుకున్నాను. మేనేజర్‌కి రాయాల్సిన మెయిల్ గుర్తొచ్చి మళ్లీ మర్చిపోయాను. కాసేపటికి అడుగుల చప్పుడు మాత్రమే మిగిలింది. ఫోన్ చూస్తే ఇరవై ఒక్క నిమిషాలు. నొప్పి లేదు. నవ్వులు లేవు. నేనే నవ్వుకున్నాను, ఒక్కదాన్నే, చెరువు వైపు తిరిగి.

అదే అనుకుంటా నాకు పరుగు నచ్చిన రోజు. పొగడ్త కోసం కాదు, తగ్గడం కోసం కాదు (తగ్గింది మూడు కిలోలే, అమ్మకి ఇంకా అసంతృప్తి). ఎనిమిదో తరగతి పిల్లని ఒకదాన్ని ఆ గ్రౌండ్ మధ్యలో వదిలేసి వచ్చాను కదా. దాన్ని మెల్లగా బయటికి తీసుకొచ్చినట్టుంది.

తర్వాతదంతా మామూలే. ఐదు కిలోమీటర్లు, ఏడు, పది. 2024 ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో పది కిలోమీటర్లు, గంటా ఇరవై ఒక్క నిమిషాలు, హైదరాబాద్ ఫ్లైఓవర్లని తిట్టుకుంటూ. ఇంకో సంగతి కూడా తెలిసింది. 2021 సెప్టెంబర్‌లో మా హన్మకొండ జేఎన్ స్టేడియంలోనే జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాయి. పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002 నుంచి ఉన్న సునీతా రాణి జాతీయ రికార్డుని అక్కడే బద్దలుకొట్టింది. ఆ రోజు నేను అదే ఊళ్లో, గదిలో కర్టెన్లు వేసుకుని ఎవరిదో ఆపరేషన్ క్లెయిము రిజెక్ట్ చేస్తూ ఉండి ఉంటాను.

పెళ్లయ్యాక చెల్లె పరుగు ఆపేసింది. నేను అడిగితే, "ఇక్కడెక్కడ ఉరుకుత అక్కా, అత్తమ్మోళ్లు ఏమనుకుంటరో" అంది. నేను ఇంకేం అనలేకపోయాను. దానికి పరుగు ఉద్యోగం కోసం, నాకు సరదా కోసం. దాని పరుగు నాకు ఇచ్చేసి అది ఖాళీ చేతులతో వెళ్లినట్టు అనిపించేది. మెడల్ ఫొటో స్టేటస్‌లో పెట్టబోయి, అది చూస్తుందని ఆగిపోయాను.

అదే సెప్టెంబర్‌లో, పారిస్ పారాలింపిక్స్‌లో కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చింది. కల్లెడ పర్వతగిరి మండలమే. చెల్లెకి అప్పుడు ఐదో నెల. రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేసి అరుస్తోంది, "అక్కా చూసినవా, మా కల్లెడ పిల్ల!" తర్వాత గొంతు తగ్గించి, "సివరి వంద మీటర్లు ఎట్లుంటదో నాకెరుకే గదా" అంది. చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.

మొన్న బతుకమ్మకి పిన్ని వాళ్ల ఊరెళ్లాను. చెల్లె వచ్చింది, ఎనిమిది నెలల బాబుతో. పొద్దున్నే నేను షూ వేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూస్తోంది. "బడి గ్రౌండుకా? నేనొస్త పా, బుడ్డోనికి గాలి తగులుతది" అంది.

గ్రౌండ్‌లో ఎవరూ లేరు. నేను ఒక చుట్టు తిరిగొచ్చేసరికి చున్నీ నడుముకి బిగించి, చెప్పులు విప్పి పక్కన పెట్టి ఉంది. బాబుని నా చేతుల్లో పెట్టి, నా వాచ్ తీసి తన చేతికి పెట్టుకుంది.

"ఇండ్ల 800 మీటర్లు ఎట్ల చూపిస్తది?"

చూపించాను. పోయింది. మొదట్లోనే బాణంలా వెళ్లబోయి, తనకు తానే గుర్తొచ్చినట్టు తగ్గింది. చున్నీ కొస నేల మీద ఈడ్చుకుంటూ, ఉత్త కాళ్లతో, తూముల పక్కన మలుపు తిరిగి, బోరింగు దాటి. బాబు వాళ్లమ్మ వైపే మెడ తిప్పుతున్నాడు.

వచ్చి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. వాచ్ నా వైపు తిప్పింది. 6:22.

"ఫస్ట్ రోజు 6:10 ఉండె నీది" అన్నాను.

"వీన్ని కన్నంక పన్నెండు సెకన్లే ఎక్కువ అక్కా" అంది రొప్పుతూ. తర్వాత నిలబడి, "మళ్ల నోటిఫికేషన్ ఎప్పుడు పడుతదంటవ్?"

నాకేం తెలుసు. వాచ్ కోసం చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"జరసేపు పట్టుకో వీన్ని. ఇంకో రౌండ్ పోయొస్త" అంది. వెళ్లింది, ఈసారి మెల్లగా. బాబు నా జుట్టు గుప్పిట పట్టుకుని లాగుతున్నాడు.